జోజు దొరగారు

మా పక్క వాటాలో ఒక అమెరికా ఆయన ఉంటారని ఫోన్లో చెప్పగానే మా అమ్మ ఒక్క క్షణం ఆగింది. ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

"అదేంట్రా, అమెరికా వాడై ఉండి జపాన్‌లో ఏం చేస్తున్నాడు? వీసా దొరకలేదా పాపం?"

అమ్మ తప్పేం లేదు. తణుకులో మా వీధిలో ఏడిళ్ళుంటే అయిదిళ్ళ పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఆరో ఇంటివాడు చిలుకూరు బాలాజీ చుట్టూ 108 ప్రదక్షిణల్లో ఉన్నాడు. ఏడో ఇంటివాణ్ణి నేను, దారి తప్పి టోక్యో చేరాను. అలాంటి వీధిలో కూర్చుని చూస్తే, పుట్టుకతోనే అమెరికా పాస్‌పోర్టు దక్కిన మనిషి దాన్ని సొరుగులో పడేసి, ఎదోగావా వార్డులో ముందు బుట్ట ఉన్న సైకిలు తొక్కుతూ, ముల్లంగి కొన్నందుకు కొట్టువాడికే వంగి దణ్ణం పెడుతున్నాడంటే వెనక ఏదో కేసుండే ఉంటుందనిపిస్తుంది.

కేసేమీ లేదు. ఏడాదికని వచ్చారు, ఉండిపోయారు.

మేముండేది నిషి-కసాయ్. టోక్యోలో మనవాళ్ళ పేట. 2000 సంవత్సరం కంప్యూటర్ గండం రోజుల్లో వచ్చిన ఇంజనీర్లతో మొదలై, ఇప్పుడు కరివేపాకు, ఇడ్లీ రవ్వ దొరికేదాకా వచ్చింది. ఇక్కడి యూఆర్ అనే ప్రభుత్వ గృహసంస్థ అపార్ట్‌మెంట్లలో వాటా కావాలంటే హామీ మనిషిని వెతుక్కోనక్కర్లేదు. యజమానికి 'కృతజ్ఞత సొమ్ము' పేరిట తిరిగిరాని డబ్బు ముట్టచెప్పనక్కర్లేదు. మనవాళ్ళు చేరింది అందుకే, దొరగారు చేరిందీ అందుకే. జపాన్ ఆత్మను వెతుక్కుంటూ సముద్రం దాటిన మనిషికి చివరికి ఇంగువ పోపు వాసనలో చోటు దొరికింది.

దొరగారు అన్నానని టోపీ, చుట్ట, గుర్రం ఊహించుకోకండి. ఆరడుగుల మూడంగుళాల మనిషి, మోకాళ్ళు హ్యాండిల్‌కి తగిలే సైకిలు, జేబులో మడిచిన చేతిరుమాలు, పర్సు నిండా కొట్లవాళ్ళిచ్చిన పాయింట్ల కార్డులు. ఇంతే ఆస్తి. నుదుటి మీద ఎప్పుడూ ఒక చిన్న బొప్పి ఉంటుంది. పాతకాలం జపాన్ ఇళ్ళ గుమ్మాలు ఆయన కోసం కట్టినవి కావు మరి. "జపాన్ నాకు వినయం నేర్పింది" అంటారు బొప్పి తడుముకుంటూ. నేర్పింది గుమ్మాలు.

ఇది ఈయన ఒక్కరి కథ కాదు, ఒక జాతి కథ. 1853లో పెర్రీ అనే అమెరికా నౌకాధికారి నల్ల ఓడలేసుకుని వచ్చి, రెండు వందల ఏళ్ళకు పైగా మూసుకున్న జపాన్ తలుపు తట్టాడు. మరుసటేడు మళ్ళీ వచ్చి తీయించాడు. ఆ తలుపులోంచి లోపలికొచ్చి, బయటికెళ్ళే దారి మర్చిపోయిన అమెరికన్ల జాతి ఇది. వీళ్ళ సంతతి వృద్ధి చెందడానికి జపాన్ ప్రభుత్వం కూడా తన వంతు సాయం చేసింది. 1987లో 'జెట్' అనే పథకం పెట్టి, ఇంగ్లిషు దేశాల పట్టభద్రుల్ని తెచ్చి బడుల్లో సహాయ పంతుళ్ళుగా వేసింది. దొరగారు 1996లో ఆ పథకంలోనే వచ్చారు. ఏడాది ఒప్పందం. ఆ ఏడాది ఇంకా అయిపోలేదు. ఎప్పుడడిగినా "వచ్చే ఏడాది ఆలోచించాలి" అంటారు. పథకం అయ్యాక ఇంగ్లిషు సంభాషణ నేర్పే బడి, ఆ తర్వాత మూడు కాలేజీల్లో గంటల లెక్కన పాఠాలు. ఆయన వృత్తి ఇంగ్లిషు మాట్లాడటం. ఆయన జీవితాశయం ఇంగ్లిషు మాట్లాడాల్సిన అవసరం రాకుండా బతకడం.

సొంతూరు ఒహాయో రాష్ట్రంలో ఉంది. జపనీస్‌లో 'ఒహాయో' అంటే పొద్దున్నే చేసే పలకరింపు. ఏ ఊరు మీది అని ఎవరైనా అడగడం, ఈయన "ఒహాయో" అనడం, వాళ్ళు వంగి "ఒహాయో గొజాయ్‌మస్" అనడం, ఈయన మళ్ళీ వంగడం. మిట్టమధ్యాహ్నం కూడా ఇదే తంతు. ఇన్నేళ్ళలో ఈయనది ఏ ఊరో పేటలో ఎవరికీ తెలియలేదుగానీ మర్యాద తెలిసిన మనిషని పేరొచ్చింది.

దొరగారికి ఇద్దరు ఇలవేల్పులు. ఒకరు లాఫ్కాడియో హెర్న్. గ్రీసులో పుట్టి, అమెరికాలో విలేకరిగా చేసి, 1890లో జపాన్ వచ్చి, ఇక్కడి అమ్మాయిని పెళ్ళాడి, 1896లో కోయిజుమి యాకుమో పేరుతో జపాన్ పౌరుడైపోయినాయన. రెండోవారు డోనల్డ్ కీన్. న్యూయార్కులో పుట్టిన సాహిత్య పండితుడు. 2011 భూకంపం, సునామీ తర్వాత విదేశీయులు ఎంతోమంది విమానాలెక్కి వెళ్ళిపోతుంటే, 89 ఏళ్ళ వయసులో జపాన్ పౌరసత్వం తీసుకున్నాడు. ఈ ఇద్దరి పేర్లు తలుచుకున్నప్పుడు దొరగారి కళ్ళు చెమరుస్తాయి. మరి మీరెప్పుడు తీసుకుంటారని అడిగితే, "చొత్తో..." అని పళ్ళ సందుల్లోంచి గాలి లోపలికి పీలుస్తారు. 'చొత్తో' అంటే కొంచెం. మనవాళ్ళ "చూద్దాం లెండి" లాంటిది. చూసేదేమీ ఉండదు.

జపాన్ ఆయన్ని పూర్తిగా కలుపుకోలేదు, అమెరికా ఆయన్ని పూర్తిగా వదల్లేదు. అమెరికా తన పౌరుడు భూమ్మీద ఏ మూల సంపాదించినా లెక్క చెప్పమంటుంది. అంచేత జూన్ 15 దగ్గరపడుతుంటే దొరగారి వాటాలో అర్ధరాత్రిదాకా దీపం వెలుగుతుంది. యెన్‌లను డాలర్లలోకి మార్చి, బ్యాంకు ఖాతాలన్నీ ఏకరువు పెట్టి, ఇరవై తొమ్మిదేళ్ళ కిందట వదిలొచ్చిన దేశానికి పన్ను లెక్క రాస్తుంటారు. పుట్టింటి వాళ్ళు సారె పెట్టకపోగా ఏటా పద్దు అడుగుతారన్నమాట.

ఇక భాష. దొరగారి జపనీస్ అమోఘం. ఒక్కటే చిక్కు. మొదట్లో అద్దెకున్న ఇంటి బామ్మగారి దగ్గర నేర్చుకోవడం వల్ల డెబ్బై ఏళ్ళ ముసలావిడలా మాట్లాడతారట. మా ఆఫీసు కుర్రాడొకడు విని చెప్పాడు. నాకెలాగూ తేడా తెలియదు. నాకొచ్చిన జపనీస్ 'హాయ్' (అంటే అవునండీ), 'సుమిమసెన్' (క్షమించండి), 'బీఫ్ వద్దు'. వీటితో ఆరేళ్ళు నెట్టుకొచ్చాను.

ఇక్కడొక మాట చెప్పాలి. జపాన్‌లో విదేశీయుడు నోరు తెరిచి "అరిగతో" అన్నాడంటే చాలు, ఎదుటివాళ్ళు కళ్ళు పెద్దవి చేసి "నిహొంగో జోజు దెస్ నే!" అంటారు. అంటే, మీ జపనీస్ భలే ఉందండీ అని. పుల్లలతో అన్నం తింటే దానికీ జోజు. మనమూ అంతేగా. బీహార్ నుంచి వచ్చిన కలెక్టరు గారు మైకులో "అందరికీ నమస్కారం" అంటే చాలు, మనం హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టమూ? కాకపోతే ఆ చప్పట్లు మొదటి రోజు బాగుంటాయి. కలెక్టరుగారు రిటైరయ్యే రోజున కూడా 'నమస్కారం' అన్నందుకే కొడితే ఎలా ఉంటుంది? దొరగారి బాధ అది. 29 ఏళ్ళ జోజులు. అందుకే నేను చాటుగా ఆయనకు జోజు దొరగారు అని పేరెట్టాను.

ఒకసారి సోబా నూడుల్స్ హోటల్‌కి వెళ్ళాం. దొరగారు, నేను, లాస్ ఏంజెలస్ నుంచి వచ్చిన ఆయన పాత స్నేహితుడు. ఆ స్నేహితుడి ముత్తాతలు జపాన్ వాళ్ళు. మొహం జపాన్, నోరు కాలిఫోర్నియా. జపనీస్‌లో ఒక్క ముక్క రాదు. దొరగారు మెనూ మూసి, గొంతు సవరించుకుని, చల్లటి సోబా మూడని, ఒకదానికి రొయ్యల తెంపురా బదులు కూరగాయలదని, వసాబి విడిగా కావాలని, పులుసులో చేప సారం ఉంటే ఈ భారతీయుడు తినడని, పురాణం చెప్పినట్టు చెప్పారు. సర్వర్ అమ్మాయి శ్రద్ధగా విన్నది. అంతా విని, స్నేహితుడి వైపు తిరిగి ఏదో అడిగింది. అతను నన్ను చూశాడు. నేను దొరగారిని చూశాను. దొరగారు జవాబు చెప్పారు. ఆ పిల్ల ఆ జవాబు విని, రెండో ప్రశ్న మళ్ళీ అతన్నే అడిగింది. ఇలా నాలుగు రౌండ్లు. ఆకాశవాణి ఒకచోట, ఆకారం ఇంకోచోట. చివరికి సోబా వచ్చింది. స్నేహితుడి ముందు పుల్లలు, మా ఇద్దరి ముందు ఫోర్కులు. వెళ్తూ వెళ్తూ ఆ అమ్మాయి దొరగారితో మెచ్చుకోలుగా అంది: "నిహొంగో, జోజు దెస్ నే!"

దొరగారు ఫోర్కును రుమాల్లో చుట్టి పక్కనపెట్టి, జుర్రుమని చప్పుడు చేస్తూ సోబా పీల్చారు. ఆ చప్పుడులో 29 ఏళ్ళ కసి ఉంది.

ఈ జాతికి ఇంకో లక్షణం ఉంది. వీధిలో మరో తెల్లవాడు ఎదురైతే చూడరు. ఇద్దరూ చెరో కరెంటు స్తంభాన్ని తీక్షణంగా పరిశీలిస్తూ దాటిపోతారు. ఈ దేశంలో నేనొక్కణ్ణే అన్న కలలో ఉన్నవాడికి ఎదురుగా తన అద్దం నడిచొస్తే ఎలా ఉంటుంది మరి! తప్పించుకోలేక మాట కలిపితే మొదటి ప్రశ్న "ఎన్నేళ్ళయింది?" అని. మనవాళ్ళు గోత్రం అడిగినట్టు. పదేళ్ళు అన్నవాడు పదిహేనేళ్ళ వాడి ముందు చేతులు కట్టుకోవాలి. దొరగారు 29 అనగానే సామాన్యంగా సభ ముగుస్తుంది.

ప్రయాణాలంటే దొరగారికి ప్రాణం. కానీ విదేశీ పర్యాటకులు బులెట్ రైళ్ళలో తిరిగే రైల్ పాస్ ఆయనకివ్వరు. అది పది రోజులకో ఇరవై రోజులకో చూడ్డానికొచ్చిన వాళ్ళకే. ఇక్కడ కాపురమున్న విదేశీయుడు దానికి పనికిరాడు. చుట్టానికి పట్టుపరుపు, ఇంట్లో వాడికి చాప. నిజానికి ఆయన కోరుకున్నది ఈ చాపే కదా అంటే ఒప్పుకోరు. "చాప ఇచ్చారు గానీ, చుట్టం అనడం మానలేదుగా!" అంటారు.

అందుకని ఆయన సెయ్‌షున్ 18 టికెట్టు పట్టుకున్నారు. 1982లో అప్పటి ప్రభుత్వ రైల్వే మొదలుపెట్టింది. కాలేజీ కుర్రాళ్ళ సెలవుల కోసం పుట్టింది, పేరులో 18 ఉంది, కానీ ఏ వయసు వాళ్ళైనా కొనొచ్చు. 12,050 యెన్‌లు పెడితే అయిదు రోజులు దేశమంతా తిరగొచ్చు, పాసింజరు రైళ్ళలో మాత్రమే. 2023 వేసవిలో నన్ను కూడా క్యోటో బయల్దేరదీశారు. అదే సమయానికి ఒహాయో నుంచి మేనల్లుడొకడు దిగాడు, చేతిలో రైల్ పాస్‌తో.

మేమిద్దరం ఒకే టికెట్టు మీద రెండు ముద్రలు వేయించుకుని పొద్దున్న ఆరింటికి టోక్యోలో ఎక్కాం. 500 కిలోమీటర్ల పైచిలుకు దూరం. అతామి దగ్గర మారాం, హమమాత్సు దగ్గర మారాం, తొయొహాషి దగ్గర మారాం. పెట్టె కిక్కిరిసినా దొరగారి పక్క సీటు ఖాళీ. ఎదురుగా నా పక్కదీ ఖాళీ. ఇద్దరు మనుషులం, నాలుగు సీట్లు. "మనకున్న ఏకైక రాయితీ ఇదే" అన్నారాయన. చివరికి ఒక బామ్మగారు ధైర్యం చేసి ఆయన పక్కన కూర్చుంది. సంచిలోంచి రెండు బిళ్ళలు తీసి చెరొకటి ఇచ్చింది. నత్తో తినగలరా అని అడిగింది. నత్తో అంటే పులియబెట్టిన సోయా గింజలు, తీగలు సాగుతాయి, వాసన చెప్పనలవి కాదు. తినగలనన్నారు. జోజు అంది. తర్వాత ఎంతో ఆప్యాయంగా, "మీ దేశానికి ఎప్పుడు తిరిగి వెళ్తారు?" అని అడిగింది. దొరగారు బిళ్ళ చప్పరిస్తూ కిటికీలోంచి సముద్రం చూశారు.

ఒగాకి స్టేషన్లో ఒక వింత చూశాను. అంతదాకా గుళ్ళో ఉన్నట్టు మౌనంగా కూర్చున్న జనం, తలుపులు తెరుచుకోగానే అవతలి ప్లాట్‌ఫారం మీది చిన్న రైల్లో సీటు కోసం ఒక్కసారిగా పరుగందుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. తణుకు బస్టాండులో కిటికీలోంచి రుమాలు వేసే విద్య ఉన్నవాణ్ణి, ఇలాంటి చోట వెనకబడతానా? ఇద్దరికీ సీట్లు పట్టాను. దొరగారు నన్ను మొదటిసారి గౌరవంగా చూశారు.

మధ్యాహ్నం మూడున్నరకి క్యోటోలో దిగేసరికి మేనల్లుడు గడియారం కింద కాఫీ తాగుతూ నిలబడ్డాడు. తొమ్మిదింటికి లేచి, హోటల్లో టిఫిన్ తిని, పన్నెండు గంటల బులెట్ రైలెక్కాడట. "ఎంతసేపు పట్టింది మామయ్యా?" అన్నాడు. "ఇరవై ఏడేళ్ళు" అన్నారు దొరగారు.

బయట జనం. చక్రాల పెట్టెలు, సెల్ఫీ కర్రలు, అద్దె కిమోనోలు. దొరగారు ముక్కు చిట్లించి, "ఈ విదేశీయులొచ్చి క్యోటోని పాడుచేశారు" అన్నారు. మేనల్లుడు నన్ను చూశాడు. నేను ఆకాశం చూశాను. ఇంతలో ఒక అమెరికా దంపతులు నేరుగా ఆయన దగ్గరికొచ్చి, గుడికి దారెటని ఇంగ్లిషులో అడిగారు. దొరగారు నడుందాకా వంగి, జపనీస్‌లో క్షమించమని చెప్పి చక్కా పోయారు. వాళ్ళు "ఎంత మర్యాదో ఈ దేశంలో!" అని మురిసిపోయారు.

ఆ టికెట్టుకీ కాలం చెల్లింది. 2024 చలికాలం నుంచి రోజులు వరసగా వాడాలి, ఒకరిది ఇంకొకరితో పంచుకోకూడదు అని మార్చేశారు. ఆ వార్త విన్న రోజు దొరగారు ఇంటి ముందు సైకిలు ఆపి, దగ్గరి బంధువు పోయినంత నిదానంగా నాకు చెప్పారు. ఆ ఏడాది 3 కోట్ల 68 లక్షల మంది పర్యాటకులొచ్చారు దేశానికి. డాలరు ఒక దశలో 160 యెన్‌లయి కూర్చుంది. వచ్చినవాళ్ళందరికీ జపాన్ చవక, ఒక్క దొరగారికే ఒహాయో ఖరీదు. తల్లిని చూసి రావడానికి వెళ్ళి, బర్గర్ ధరని మనసులో యెన్‌లలోకి మార్చుకుని ఆకలి చంపుకున్నారట. టిప్పు ఇవ్వడం మర్చిపోయి తిట్లు తిన్నారట. పరాయి ఇళ్ళలో గుమ్మం దగ్గర బూట్లు విప్పి సాక్సుల్లో నిలబడితే, "పాపం ఆరోగ్యం బాగోలేదా?" అని అడిగారట.

క్రిస్మస్ కూడా ఆయనకు కలిసిరాదు. 1974 ప్రచారం పుణ్యమా అని జపాన్‌లో క్రిస్మస్ అంటే కేఎఫ్‌సీ చికెన్. ముందుగా ఆర్డరివ్వాలి, వరసలో నిలబడాలి. కొట్టు ముందు ఆ తెల్ల గడ్డం తాత బొమ్మకి ఎర్ర టోపీ, ఎర్ర కోటు తొడుగుతారు. చుట్టుపక్కల వాళ్ళు దొరగారిని, "మీ దేశంలోనూ ఇంత పెద్ద లైనుంటుందా?" అని అడుగుతారు. మా దేశంలో ఈ ఆచారమే లేదని మొదట్లో చెప్పేవారు. ఎవరూ నమ్మకపోయేసరికి ఇప్పుడు "ఇంకా పెద్దది" అంటున్నారు.

ఇంతటి తపస్వి కళ్ళలో ఒక్కసారే అసూయ చూశాను. 2022 అక్టోబరులో ఆర్ఆర్ఆర్ ఇక్కడ విడుదలై నెలల తరబడి ఆడింది. బ్రెడ్ షాపావిడ నేను తెలుగువాణ్ణని తెలుసుకుని, కౌంటర్ దాటొచ్చి, చేతులు పట్టుకుని, 'నాటు నాటు' స్టెప్పు చూపించమంది. నాకు రాదు. ఆవిడే చూపించింది, ఏప్రన్‌తో, తప్పు లేకుండా. దొరగారు రొట్టె చేత్తో పట్టుకుని చూస్తున్నారు. హైకూలు కంఠతా పట్టి, టీ కాచే పద్ధతి నేర్చి, కాళ్ళు తిమ్మిరెక్కేలా చాప మీద కూర్చున్న మనిషి. నేనేం చేశాను? గోదావరి జిల్లాలో పుట్టానంతే. నాకు ఆవిడ ఒక బన్ను ఊరికే ఇచ్చింది. దొరగారికి చిల్లర ఇస్తూ, జోజు అంది.

కానీ మొన్న గురువారం చరిత్ర తిరగబడింది.

గురువారం మా దగ్గర ప్లాస్టిక్ సీసాల రోజు. టోక్యోలో చెత్త పారెయ్యడం కూడా ఒక వ్రతమే. కాలే చెత్త ఒక రోజు, కాలనిది ఒక రోజు. సీసా అయితే మూత తీయాలి, చుట్టూ ఉన్న కాగితం ఒలవాలి, లోపల కడగాలి, నలపాలి, పొద్దున్న ఎనిమిదిలోగా పెట్టాలి, కాకులు లాగకుండా వల కప్పాలి. ఆ రోజు కాపలా ఒక బామ్మగారిది. పిడికెడంత మనిషి, చేతికి తొడుగులు, చేతిలో పటకారు. దొరగారు సంచి పెట్టి వెనుదిరిగారు. వెనకనుంచి ఒక కేక. బామ్మగారు సంచిలోంచి ఒక సీసా పైకెత్తింది. దానికి మూత ఉంది.

ఆవిడ అందుకుంది. ఇన్నేళ్ళుగా ఈ వీధిలో ఉంటూ మూత తీయాలని తెలియదా, నీకు చెప్పాలా, పిల్లలు చూసి ఏం నేర్చుకుంటారు, పోయిన వారం వల సరిగ్గా కప్పకుండా పోయింది కూడా నువ్వేనా అని, ఊపిరి తీసుకోకుండా, నెమ్మదిగా చెప్పకుండా, చేతి సైగలు లేకుండా, ఇంగ్లిషు ముక్క కలపకుండా, పక్కింటి పెళ్ళైన కొడుకుని తిట్టినట్టు తిట్టింది. దొరగారు తల వంచుకుని "హాయ్, హాయ్" అంటున్నారు. చుట్టూ నలుగురు చేరారు. ఎవరూ జోజు అనలేదు.

ఆయన తలెత్తినప్పుడు మొహం చూశాను. చెవులదాకా నవ్వు.

సాయంత్రం అమ్మకి ఫోన్లో ఇదంతా చెప్పాను. విని, "పోన్లేరా, తిట్టారంటే కలుపుకున్నట్టే. చుట్టాన్ని ఎవరు తిడతారు?" అంది. ఆ వెంటనే, "అయినా ఓసారి హైదరాబాదు కాన్సులేటులో అడిగి చూడమను" అని కూడా అంది.

ఈ గురువారం ఎనిమిదికి అయిదు నిమిషాలుండగా నేను సంచితో పరుగెత్తేసరికి వల దగ్గర దొరగారు నిలబడి ఉన్నారు. చేతికి తొడుగులు, చేతిలో పటకారు. వంతు ఆయనకిచ్చారట. నా సంచిలోంచి సీసా పైకెత్తారు. చుట్టూ కాగితం ఒలవలేదు. ఇక మొదలుపెట్టారు, అచ్చం ఆ బామ్మగారి యాసలో, అదే వేగంతో, వేలు ఆడిస్తూ. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా పెద్దమనిషి, ఏదో ఒకటి బదులివ్వాలి కదా అని, వచ్చిన జపనీస్ అంతా కూడగట్టుకుని, నడుం వంచి అన్నాను.

"నిహొంగో, జోజు దెస్ నే!"

పటకారు జారి వల మీద పడింది.